రిమార్కుల గడి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
లోపల అడుగు పెట్టగానే నాకు మూడు తుమ్ములు.
వాళ్ళకి ఒక్కటీ రాలేదు.
ముక్కు కూడా లొంగిపోతుందని
ఆ రోజే తెలిసింది.

ఎర్రటి గుట్ట చుట్టూ ఆడవాళ్ళు,
ఆడవాళ్ళ మధ్య
ఆడవాళ్ళలాగే నడుం వంచి కూర్చున్న పిల్లలు.
తొడిమ ఇటు, కాయ అటు,
తాలు కాయ వెనక్కి.
చూపుతో పనిలేకుండా చేతులు వాటంతటవే నడుస్తున్నాయి.
కిలోకి ఎంతో మేస్త్రీ చెప్పాడు.
ఆ అంకె ఫారంలో రాశాను, ఇక్కడ రాయను.
రాస్తే మీ ఇంట్లో కారం డబ్బా మూత
మళ్ళీ తీయలేరు.

నేను కార్మిక శాఖలో జూనియర్ అసిస్టెంటుని.
అంతకుముందు, ఇరవై రెండేళ్ళప్పుడు, కవిని.
బ్రాడీపేట అద్దెగదిలో
వెన్నెల మీద నలభై కవితలు రాశాను.
ఒక్కదానిలోనూ బ్రాడీపేట లేదు.
ప్రేయసి ఉంది. పేరు లేదు.
ఆమె చేతులు తామరతూడులని రాశాను.
తామరతూడుని నేనెన్నడూ చూడలేదు.

"పేరు?"
"యెస్తేరు."
"వయసు?"
"పదహారు."
మేస్త్రీ వైపు చూసి చెప్పింది.
పన్ను ఊడిన సందులోంచి
పదహారులో సగం గాలికే పోయింది.

"చేతులు చూపించమ్మా."
చాపింది.
గోళ్ళ చుట్టూ చర్మం
ఉల్లిపొరలా లేచి ఉంది.
"రాత్రిపూట మంట పుడితే?"
"మజ్జిగలో పెడతా సార్.
మజ్జిగ లేనప్పుడు గోడకి ఆనిస్తా.
మా గోడ చల్లగా ఉంటది."

ఆ రాత్రి ఫారం ముందు కూర్చున్నాను.
పద్దెనిమిది గడులు నిండాయి.
చివరిది రిమార్కులు, రెండు వేళ్ళ వెడల్పు.
అందులో పదకొండేళ్ళుగా నేను రాసే మాట ఒకటే:
ఏమీ లేవు.

ఎందుకో హైమవతి మేడం గుర్తొచ్చింది.
భావకవిత్వం పాఠం చెబుతూ
ఒకసారి పుస్తకం మూసి అన్నది:
"వేరే దేశంలో ఒకప్పుడు
పొగగొట్టాల్లోకి పసివాళ్ళని దింపేవారు.
పూలనీ వాగుల్నీ పాడిన కవులే
ఆ మసినీ రాశారు.
వెన్నెల కనబడి మసి కనబడకపోతే
అది కన్ను కాదర్రా, గాజుగోళీ."
మేం నవ్వాం. గంట కొట్టారు.
క్యాంటీన్లో పునుగులు వేడిగా ఉన్నాయి.

రాశాను, నీలం సిరాతో, గడి దాటకుండా:
"ఈ పాప అరచేతుల్లో
రాత్రంతా పొద్దు గుంకదు."

పొద్దున జిలానీ సార్ ఎర్రపెన్ను తీశారు.
"ఇది రిపోర్టా, కవి సమ్మేళనమా?"
అడ్డంగా ఒక గీత.
గీత కింద అక్షరాలు మాత్రం
చదివితే తెలుస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం క్యారియర్ విప్పారు.
అన్నంలో పండుమిరపకాయ పచ్చడి,
మీద నెయ్యి.
కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.
"ఏ షెడ్డన్నావ్?"
అన్నం అలాగే మూతపెట్టి
జీపు తీయించారు.

కవిత గెలిచిందని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు.
యెస్తేరు ఇప్పుడు బడిలో నాలుగో తరగతి.
మిగతా ఏడుగురూ షెడ్డు మారారు,
మేం జీపు దిగేలోపే.
వాళ్ళమ్మ కరుణమ్మ ఆఫీసుకొచ్చి
నా బల్ల ముందు నిలబడి అడిగింది:
"దాని కూలి మీరిస్తారా?"
బీరువా వెతికాను, రూల్సు వెతికాను,
నలభై కవితలూ వెతికాను.
ఆ ప్రశ్నకి సరిపోయే ఉపమానం
నా దగ్గర లేదు.
ఆమె కూలి పెంచమని
ఇంకో కాగితం పెట్టాను. అది ఇంకా తిరుగుతోంది.

అయినా గడి ఖాళీగా వదలడం మానేశాను.
ఇటుకబట్టీలో ఒకడి గురించి,
టీకొట్టులో గ్లాసులు కడిగే ఇంకొకడి గురించి,
రెండేసి వాక్యాలు.
జిలానీ సార్ గీత కొడతారు,
కొట్టేముందు రెండుసార్లు చదువుతారు.

నిన్న కొత్త ఫారాలు వచ్చాయి.
రిమార్కుల గడి తీసేశారు.

మార్జిన్ ఉంది.